బస్తాను నడిపేది ఘర్షణే

నంద్యాల జిల్లాలో వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో, లారీ పక్కన ఏటవాలుగా నిలబెట్టిన బెల్టు లోడర్ దగ్గర కాసేపు ఆగి చూడాలి. కింద ఇద్దరు హమాలీలు బస్తాను ఎత్తి బెల్టు మీద వేస్తారు. బెల్టు అప్పటికే పరుగులో ఉంటుంది. బస్తాకు మాత్రం ఇంకా కదలిక లేదు. సెకను కూడా నిండని ఆ కాస్త వ్యవధిలో బెల్టు బస్తా అడుగు నుంచి జారిపోతూ ఉంటుంది. గోనె రబ్బరును రాసుకున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది. ఆ తర్వాత రెండింటి వేగం ఒకటే. బస్తా నేరుగా పైకి వెళ్లి లారీ మీద నిలబడ్డ మనిషి చేతికి అందుతుంది.

ఆ బస్తాను పైకి నడిపింది ఎవరు? మోటారు కప్పీని తిప్పింది, కప్పీ బెల్టును లాగింది. బెల్టుకూ బస్తాకూ మధ్య కొక్కెం లేదు, తాడు లేదు, మేకు లేదు. ఉన్నది ఒక్కటే, ఘర్షణ.

ఇదే ప్రశ్న జిల్లాలోని పగిడ్యాల బడిలో పిల్లలను అడిగితే చాలామంది తడబడతారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ‘ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది’ అనే వాక్యాన్ని కంఠస్థం చేయించడం వల్ల. ఆ వాక్యం నిజమైతే ఘర్షణ బస్తాను ఆపాలి. ఇక్కడ బస్తా కదిలిందే ఘర్షణ వల్ల. పుస్తకంలో నేర్చుకున్న మాటకూ కళ్ల ముందు జరుగుతున్న పనికీ పొంతన లేనప్పుడు పిల్లవాడు కళ్లను పక్కన పెట్టి పుస్తకాన్ని నమ్ముతాడు. అక్కడితో భౌతిక శాస్త్రం బతుకు నుంచి విడిపోయి మార్కుల లెక్కలోకి వెళ్లిపోతుంది. ఈ నష్టం ఒక్క పిల్లవాడితో ఆగదు. పెద్దయ్యాక అదే మనిషి మిల్లులోనో, సిమెంటు ప్లాంటులోనో, కంకర క్రషర్‌లోనో బెల్టు పక్కన నిలబడి పనిచేస్తాడు. ఘర్షణ గురించి అతనికి సగమే తెలిసి ఉండటం అక్కడ ప్రాణాంతకం కావచ్చు.

సరైన వాక్యం పెద్ద కష్టమైనదేమీ కాదు. ఘర్షణ వ్యతిరేకించేది చలనాన్ని కాదు, జారుడును. తాకుతున్న రెండు తలాల్లో ఒకటి మరొకదాని మీద జారకుండా చూడటమే దాని పని. బెల్టు ముందుకు పోతుంటే, ఆగి ఉన్న బస్తా దాని దృష్టిలో వెనక్కి జారుతున్నట్టే. ఆ జారుడును ఆపాలంటే బస్తాను ముందుకు తొయ్యాలి. ఘర్షణ తోస్తుంది. నడిచే మనిషి పాదం నేలను వెనక్కి తన్నితే నేల అతన్ని ముందుకు నెట్టేది ఈ లెక్కనే. వాన పడ్డ నల్లరేగడిలో బండెద్దు గిట్టలు జారినప్పుడు బండి ఎందుకు కదలదో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ ఘర్షణ చాలకే చలనం ఆగింది.

బస్తా బెల్టు మీద పడ్డ ఆ సెకనులోపు జరిగేదాన్ని లెక్కగట్టి చూస్తే ఇంకా బాగుంటుంది. చదునుగా పరచిన బెల్టు సెకనుకు ఒక మీటరు వేగంతో పోతోందనుకుందాం. గోనెకూ రబ్బరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. 50 కిలోల బస్తా బెల్టు వేగాన్ని అందుకోవడానికి పట్టేది దాదాపు 0.2 సెకను. ఆ లోపు బెల్టు 20 సెంటీమీటర్లు పోతుంది, బస్తా 10 సెంటీమీటర్లు పోతుంది. మిగిలిన 10 సెంటీమీటర్లే జారుడు. బస్తా బరువు 25 కిలోలైనా, 100 కిలోలైనా ఈ దూరం మారదు. బరువు పెరిగితే కదిలించాల్సిన భారం ఎంత పెరుగుతుందో, పట్టి లాగే ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది. బెల్టు వేగాన్ని రెట్టింపు చేస్తే మాత్రం జారే దూరం నాలుగు రెట్లవుతుంది. బెల్టును తొందరపెడితే పని తొందరగా అవుతుందనుకునే యజమానికి ఈ నాలుగు రెట్ల సంగతి తెలిస్తే, రబ్బరు ఎందుకు త్వరగా అరిగిపోతోందో కూడా అర్థమవుతుంది.

ఇందులో మరో విశేషం ఉంది. ఆ బస్తాకు చేరిన గతిశక్తి 25 జౌళ్లు. దాన్ని చేర్చడానికి బెల్టు చేసిన పని 50 జౌళ్లు. మిగతా 25 జౌళ్లు రాపిడిలో వేడిగా మారిపోయాయి. గరుకు బెల్టు వేస్తే ఈ నష్టం తగ్గుతుందా అంటే, తగ్గదు. గరుకు బెల్టు మీద బలం ఎక్కువ, జారే దూరం తక్కువ. నున్నటి బెల్టు మీద బలం తక్కువ, జారే దూరం ఎక్కువ. రెండింటి గుణకారం ఒక్కటే. స్థిరమైన వేగంతో పోయే చదును బెల్టు మీద నిశ్చలంగా ఉన్న సరుకును వేసినంత కాలం, అది పొందిన శక్తికి సమానమైన శక్తి వేడిగా పోవాల్సిందే. పెద్ద ప్లాంట్లలో సరుకును బెల్టు మీదకు నిలువుగా వదలకుండా, బెల్టు పోయే దిశలోనే కొంత వేగంతో దిగేలా తొట్టి వాలును అమర్చడానికి ఇదొక కారణం.

బస్తా బెల్టు వేగాన్ని అందుకున్నాక ఏమవుతుంది? చదును బెల్టు మీద, వేగం మారనంత సేపు, ఘర్షణ బలం సున్నా. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే బస్తాను తోసేవాళ్లూ లేరు, ఆపేవాళ్లూ లేరు. బెల్టు లాగుతూనే ఉంటుందని అనుకునేవారికి ఇది వింతగా తోస్తుంది. ఏటవాలు బెల్టు సంగతి వేరు. అక్కడ బరువు బస్తాను కిందికి లాగుతూనే ఉంటుంది కాబట్టి, బస్తా జారకపోయినా ఘర్షణ పైకి పట్టి ఉంచుతుంది. దీన్నే స్థైతిక ఘర్షణ అంటారు. ఒకే బెల్టును చదునుగా పరిచీ ఏటవాలుగా ఎత్తీ చూస్తే, ఒకే బస్తాకు, జారుడు ఘర్షణ, సున్నా ఘర్షణ, స్థైతిక ఘర్షణ మూడూ కనిపిస్తాయి. ఎనిమిదో తరగతి పాఠానికి ఇంతకన్నా మంచి నమూనా ప్రయోగశాలలో దొరకదు.

ఏటవాలు పెరిగితే ఎంత తేడా వస్తుందో చూడండి. అదే బస్తా, అదే గోనె, అదే వేగం. బెల్టును 20 డిగ్రీలు ఎత్తితే, బస్తా కుదురుకోవడానికి 0.2 సెకనుకు బదులు దాదాపు 0.8 సెకను పడుతుంది. జారే దూరం 10 సెంటీమీటర్ల నుంచి 40కి చేరుతుంది. ఇంకా ఎత్తితే, 27 డిగ్రీల దగ్గర బస్తా ఇక ఎక్కదు. బెల్టు కింద తిరుగుతుంటుంది, బస్తా ఉన్నచోటే ఊగుతుంటుంది. నున్నటి రబ్బరు బెల్టులను సాధారణంగా 18, 20 డిగ్రీలకు మించి ఎత్తకపోవడం, అంతకన్నా ఎత్తాలంటే గాట్లూ గట్లూ ఉన్న బెల్టు వాడటం ఈ లెక్క నుంచే వచ్చింది.

దీన్ని పరీక్షించడానికి బడికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నేలకు పరిచే బేతంచెర్ల బండలు లేని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. నున్నగా చెక్కిన బండ ఒకటి, పాత రబ్బరు బెల్టు ముక్క ఒకటి, ఒక గోనె సంచి, ఒక ప్లాస్టిక్ సంచి, కొన్ని వడ్లు చాలు. బెల్టు ముక్కను బండ మీద పరచి, దాని మీద సంచి పెట్టి, బండ ఒక అంచును నెమ్మదిగా ఎత్తాలి. సంచి జారడం మొదలైన చోట ఆపి, ఎత్తిన అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో, దాని కింద నేల మీద పొడవెంతో కొలవాలి. ఎత్తును ఆ పొడవుతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. సంచిని సగం నింపి ఒకసారి, నిండా నింపి ఒకసారి చేస్తే కోణం దాదాపు మారదని పిల్లలే కనుక్కుంటారు. 1699లో ఫ్రాన్స్‌లో అమోంటాన్స్ చెప్పిందీ, 1781లో కూలుంబ్ విస్తారంగా పరీక్షించి చూపిందీ ఇదే. మూడు వందల ఏళ్ల నాటి ఆ ఫలితం పగిడ్యాల బడి వరండాలో ఒక పూటలో చేతికందుతుంది.

గోనె సంచికీ ప్లాస్టిక్ సంచికీ కోణం ఒకటి కాదని కూడా అక్కడే తేలుతుంది. ప్లాస్టిక్ నేత సంచి ముందే జారుతుంది. గోదాములో బస్తాలు పేర్చే హమాలీకి ఇది చేతి అనుభవం. గోనె దొంతరను పేర్చినంత ధైర్యంగా ప్లాస్టిక్ దొంతరను ఎత్తు పేర్చరు. చినుకు పడితే లెక్క మళ్లీ మారుతుంది. రబ్బరు మీద నీటి పొర ఏర్పడితే బస్తా పట్టు తప్పుతుంది. అదే చెమ్మ గింజల మధ్య చేరితే అందుకు విరుద్ధం, వడ్లు ఒకదానికొకటి అంటుకుని తొట్టిలోంచి దిగమని మొరాయిస్తాయి. కొనుగోలులో 17 శాతం తేమ హద్దు పెట్టింది నిల్వ కోసమే అయినా, తడి వడ్లతో మిల్లువాళ్లు పడే అవస్థలో ఘర్షణ వాటా కూడా ఉంది.

గుండ్రటి సరుకు కథ ఇంకొకటి. ఉల్లికి పేరుపడ్డ మార్కెట్ కర్నూలు. ఉల్లిగడ్డను విడిగా కదిలే చదును బెల్టు మీద వేస్తే అది బస్తాలా బుద్ధిగా కూర్చోదు. ఘర్షణ దాన్ని ముందుకు తోస్తూనే వెనక్కి దొర్లిస్తుంది. లోపలంతా సమానంగా ఉన్న పూర్తి గుండ్రటి బంతిని తీసుకుంటే, జారుడు ఆగే సరికి అది పొందే వేగం బెల్టు వేగంలో ఏడింట రెండు వంతులే. మిగతా అయిదు వంతులు దొర్లడంలో పోతాయి. ఏటవాలు బెల్టు మీదైతే నేరుగా కిందికి వచ్చేస్తుంది. గుండ్రటి సరుకును ఎత్తే బెల్టులకు అడ్డపట్టీలు వేసేది అందుకే. అదే ఉల్లిని సంచిలో నింపి వేస్తే హాయిగా ఎక్కుతుంది. విడిగా దొర్లే గడ్డలు కలిసికట్టుగా ఉంటే దొర్లలేవు.

బియ్యం మిల్లు లోపలికి వెళితే ఘర్షణ మోత పని వదిలి మరో పనిలో కనిపిస్తుంది. వడ్ల పొట్టు తీసే షెల్లర్‌లో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. రెండూ ఒకే వేగంతో తిరిగితే గింజ వాటి మధ్యనుంచి అలాగే బయటికొస్తుంది, పొట్టు సరిగా ఊడదు. అందుకే ఒకదాన్ని వేగంగా, ఇంకోదాన్ని కాస్త నెమ్మదిగా తిప్పుతారు. గింజకు ఒక వైపు ముందుకు, మరో వైపు వెనక్కి రాపిడి తగులుతుంది. రెండు అరచేతుల మధ్య వేరుశనగ గింజను నలిపి పొర తీసినట్టు పొట్టు వీడిపోతుంది. వేగంలో తేడా ఉంటేనే జారుడు, జారుడు ఉంటేనే రాపిడి. బెల్టు మీద బస్తాకు వర్తించిన సూత్రమే ఇక్కడ నంద్యాల సోనా గింజకూ వర్తించింది. ‘ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది’ అని మాత్రమే తెలిసినవారికి ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో ఎప్పటికీ తెలియదు.

ఈ జిల్లాకు బెల్టు కొత్త కాదు, చిన్నదీ కాదు. బుగ్గానిపల్లె దగ్గర సిమెంటు నగర్ ప్లాంటు 1950ల నాటిది. కొలిమిగుండ్ల దగ్గర రామ్‌కో సిమెంటు ప్లాంటు 2022లో ప్రారంభమైంది. సున్నపురాయిని గని నుంచి క్రషర్‌కు, అక్కడి నుంచి ప్లాంటుకు బెల్టుల మీద నడపడం సిమెంటు పరిశ్రమలో మామూలు. తెలంగాణలో సింగరేణి బొగ్గు, విశాఖపట్నం ఓడరేవులో ఇనుప ఖనిజం బెల్టుల మీదే ప్రయాణిస్తాయి. తిరుమలలో పోటు నుంచి లడ్డూలను కూడా బెల్టు మోస్తుంది. అమెరికాలో 1890లలో ఎడిసన్ ఇనుప ఖనిజం ప్లాంటు కోసం థామస్ రాబిన్స్ రబ్బరు పూత బెల్టును తయారుచేసినప్పుడు ఆయనను వేధించిన సమస్య కూడా రాపిడే. ఖనిజం గుడ్డ బెల్టులను కోసేస్తుంటే, రబ్బరు పొర ఆ దెబ్బకు ఆగింది. ఇవాళ మేఘాలయ గనుల నుంచి సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని సిమెంటు ప్లాంటుకు సున్నపురాయి 17 కిలోమీటర్ల బెల్టు మీద పోతోంది. పశ్చిమ సహారాలో ఫాస్ఫేట్‌ను సముద్రానికి చేర్చే బెల్టుల వరుస దాదాపు 100 కిలోమీటర్లు.

అంత పొడవైన బెల్టునైనా లాగేది కప్పీకీ రబ్బరుకూ మధ్య ఉన్న పట్టే. ఆ పట్టు ఎంతన్నది తెలియాలంటే పశువుల కొట్టం దాకా వెళితే చాలు. పొగరెక్కిన ఎద్దు పగ్గాన్ని చేత్తో పట్టి ఆపడం ఎవరి తరమూ కాదు. అదే పగ్గాన్ని గుంజకు రెండు మూడు చుట్లు తిప్పి కొసను పట్టుకుంటే పదేళ్ల పిల్లవాడైనా నిలబెట్టగలడు. గుంజకూ తాడుకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు చేతి పట్టు దాదాపు ఆరున్నర రెట్లవుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 280 దాటుతుంది. చుట్లు కూడికగా పెరుగుతుంటే పట్టు గుణకారంగా పెరుగుతుంది. ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త పేరుతో ఇంజనీర్లు చదివే సూత్రం ఇదే. సాగునీటితో పాటు పడవల రాకపోకల కోసం కూడా 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ గట్టున పడవను కట్టేసిన ప్రతి మనిషి చేతిలోనూ ఈ సూత్రం ఉంది. బెల్టు ప్లాంట్లలో కప్పీ పక్కన మరో చిన్న రోలర్ పెట్టి బెల్టును ఇంకాస్త చుట్టేలా చేసేది ఆ పట్టు కోసమే.

ఇప్పుడు ఆ సూత్రాన్నే మనిషి వైపు నుంచి చూడాలి.

బెల్టు కింద తిరుగు రోలర్ దగ్గర పొడి పేరుకుంటుంది. పేరుకున్న చోట రోలర్ ఒక వైపు లావవుతుంది, బెల్టు పక్కకు పోతుంది, సరుకు ఒలికిపోతుంది. యంత్రాన్ని ఆపితే పని ఆగుతుందని, ఆపకుండానే కర్రతోనో చేత్తోనో గీకడానికి మనిషి వంగుతాడు. మెడలో తువ్వాలు ఉంటుంది. ఊడ్చే ఆడమనిషికైతే పైట కొంగో చున్నీయో ఉంటుంది. ఆ గుడ్డ కొస బెల్టుకూ రోలర్‌కూ మధ్య చిక్కితే, బస్తాను పట్టి నడిపిన ఘర్షణే దాన్నీ పట్టి నడుపుతుంది. దానికి బస్తాకూ పైట కొంగుకూ తేడా తెలియదు. గుడ్డ రోలర్‌కు ఒక చుట్టు తిరిగిందంటే పట్టు ఆరున్నర రెట్లు, రెండు చుట్లు తిరిగిందంటే 43 రెట్లు. ఎద్దును ఆపిన లెక్క ఇక్కడ మనిషి మీదకు తిరుగుతుంది. వెనక్కి లాగేకొద్దీ గుడ్డ ఇంకా బిగుసుకుంటుంది.

కాలం లెక్క కూడా మనిషి పక్షాన లేదు. సెకనుకు మీటరున్నర వేగంతో పోయే బెల్టు, వేలు చిక్కిందని గ్రహించి చెయ్యి వెనక్కి తీసుకునే అర సెకనులో 75 సెంటీమీటర్లు పోతుంది. పెద్ద మనిషికి వేలికొస నుంచి భుజం దాకా దూరం దాదాపు అంతే. ‘జాగ్రత్తగా ఉండండి’ అనే హెచ్చరిక ఎందుకు చాలదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. జాగ్రత్త మనిషి స్వభావం, అర సెకను మనిషి శరీరం. స్వభావాన్ని మార్చుకోవచ్చు, నాడుల వేగాన్ని మార్చుకోలేం. కాబట్టి చెయ్యి చేరలేని విధంగా రోలర్‌కు కంచె ఉండాలి. బెల్టు పొడవునా, ఎక్కడ నిలబడినా అందేలా, లాగితే మోటారు ఆగే తాడు ఉండాలి. ఒంటరిగా చిక్కుకున్నవాడికి స్విచ్చు బోర్డు ఇరవై అడుగుల దూరంలో ఉంటే అది లేనట్టే.

చట్టం ఈ సంగతులు ఎరగనిదేమీ కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ తిరిగే భాగాలకు కంచె వేయాలంది. 22వ సెక్షన్, యంత్రం తిరుగుతుండగా దాని దగ్గర పరీక్షించే పని ప్రత్యేక శిక్షణ పొందిన మనిషే చేయాలంది. అతను ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు వేసుకోవాలంది, ఆ దుస్తులను యజమానే ఇవ్వాలంది. ఘర్షణ సూత్రం తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది. అయితే విద్యుత్తు వాడే చోట పది మంది పనివాళ్లుంటేనే ఆ చట్టం వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఫ్యాక్టరీ అనడానికి ఆ హద్దును 20 మందికి పెంచింది. నలుగురు హమాలీలూ ఒక అద్దె లోడరూ ఉన్న కళ్లం, అయిదుగురు పనిచేసే చిన్న మిల్లు ఆ లెక్కలో ఫ్యాక్టరీలు కావు. రోలర్ మాత్రం పెద్ద ప్లాంటులో ఎలా పట్టుకుంటుందో అక్కడా అలాగే పట్టుకుంటుంది.

దీనికి దారి దేశంలో ఇప్పటికే ఉంది. నూర్పిడి యంత్రాల్లో రైతుకూలీల చేతులు తెగిపోతున్నప్పుడు 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ఎంత మంది పనిచేస్తున్నారన్న లెక్క కన్నా, యంత్రాన్ని తయారుచేసేటప్పుడే రక్షణ ఏర్పాట్లు ఉండాలన్నది ఆ చట్టం చూపు. గ్రామాల్లో వాడే ఇతర యంత్రాలను కూడా నోటిఫికేషన్ ద్వారా దాని పరిధిలోకి తెచ్చే అవకాశం కేంద్రానికి ఉంది. బస్తాల బెల్టు లోడర్లను అందులో చేర్చాలి. రోలర్ కంచె, లాగితే ఆగే తాడు లేని లోడర్‌ను అమ్మనివ్వకూడదు, అద్దెకు ఇవ్వనివ్వకూడదు. బెల్టుల భద్రతపై భారతీయ ప్రమాణం ఐఎస్ 7155 ఉండనే ఉంది. కొత్తగా రాయాల్సింది పెద్దగా లేదు.

ఇవన్నీ పెడితే ఖర్చు పెరుగుతుందని, శుభ్రం చేయడం ఆలస్యమవుతుందని చిన్న మిల్లుల యజమానులు అంటారు. వారి ఇబ్బంది నిజమే. అయితే రోలర్‌కు పొడి అంటకుండా ముందే గీకేసే రబ్బరు పట్టీ బిగిస్తే చేత్తో గీకే అవసరమే తగ్గుతుంది. కప్పీ మధ్య భాగాన్ని కొద్దిగా ఉబ్బుగా చేస్తే బెల్టు దానంతటదే నడిమికి వస్తుంది, పక్కకు పోదు. పాత పిండి మరల కప్పీలను చూసినవారికి ఆ ఉబ్బు గుర్తుండే ఉంటుంది. ఒలికేది తగ్గితే సరుకు మిగులుతుంది, రబ్బరు మన్నుతుంది. భద్రతకు పెట్టే ఖర్చులో కొంత అలా తిరిగొస్తుంది.

బెల్టే వద్దనే వాదన కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది, హమాలీల పని పోతుందని. వడ్ల బస్తా అంటే 75 కిలోలనే లెక్క రాష్ట్రంలో చాలాచోట్ల ఉంది. ఒక వయోజన పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువు 55 కిలోలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మెడా నడుమూ అరిగిపోయేలా నిచ్చెన మీద బస్తా ఎక్కించడం కాపాడుకోవాల్సిన ఉపాధి కాదు. నీటిని పైకెత్తడానికి మనుషులు అక్కర్లేదని, పంపులు చాలని 2017లో మొదలైన ముచ్చుమర్రి ఎత్తిపోతల పగిడ్యాల మండలానికి చూపింది. బస్తాను ఎత్తడానికి బెల్టు ఉండాలి. దాని పక్కన నిలబడ్డ హమాలీకి ఆ బెల్టు గురించి పూర్తిగా తెలియాలి, ఆ పనికి తగిన కూలి దక్కాలి.

తెలియడం బడిలోనే మొదలవ్వాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని ఈఏపీసెట్‌కు చదివే పిల్లలకు బెల్టు మీద దిమ్మె లెక్కలు ఇస్తారు. ఆ లెక్కల్లో బెల్టుకు ఊరు లేదు, దిమ్మెకు పేరు లేదు. జవాబు నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి. ఎంపీసీ దాకా రాని పిల్లలకు ఆ లెక్క కూడా అందదు. నిజానికి బెల్టు పక్కన పనిచేయబోయేది ఎక్కువగా వాళ్లే. చిన్న తరగతుల్లో సులువుగా చెప్పడం కోసమే ‘చలనాన్ని వ్యతిరేకిస్తుంది’ అంటున్నామని ఉపాధ్యాయులు చెప్పొచ్చు. ‘జారుడును వ్యతిరేకిస్తుంది’ అనడం అంతకన్నా కష్టమేమీ కాదు. పైగా ‘జారుడు’ అనేది పిల్లలకు పుట్టుకతో తెలిసిన తెలుగు మాట, ‘సాపేక్ష చలనం’ కన్నా ముందు నోటికొచ్చే మాట.

నంద్యాల జిల్లా విద్యాశాఖ ఒక్క పని చేయగలదు. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం చెప్పే వారంలో, దగ్గర్లోని మిల్లుకో గోదాముకో పిల్లలను ఒక పూట తీసుకెళ్లాలి. బెల్టు ఆగి ఉన్నప్పుడు కప్పీ, రోలర్, మోటారు చూపించాలి. బెల్టు తిరిగేటప్పుడు గీత అవతల నిలబెట్టి, బస్తా ఎక్కడ పడిందో, ఎక్కడ కుదురుకుందో సుద్దముక్కతో గుర్తు పెట్టించి కొలిపించాలి. ఆ ఊరి హమాలీల్లో ఒకరిని పిలిచి, గోనెకూ ప్లాస్టిక్‌కూ తేడా, తడి బస్తాకూ పొడి బస్తాకూ తేడా చెప్పించాలి. పాఠం చెప్పే హక్కు ఆయనకు డిగ్రీ ఇచ్చినది కాదు, ముప్పై ఏళ్ల మోత ఇచ్చినది. కార్మిక శాఖ, ఫ్యాక్టరీల తనిఖీ విభాగం అదే రోజు అక్కడి పనివాళ్లకు తెలుగులో ఒక బోర్డు బిగించవచ్చు: గుడ్డ ఒక చుట్టు తిరిగితే పట్టు ఆరున్నర రెట్లు, రెండు చుట్లు తిరిగితే 43 రెట్లు, కొంగు దోపి తువ్వాలు తీసి రండి, శుభ్రం చేయాలంటే ముందు మోటారు ఆపండి.

వచ్చే కోతల నాటికి పగిడ్యాల మండలంలో ఒక్క లోడర్‌కైనా రోలర్ చుట్టూ ఇనుప జాలీ, పక్కన ఎర్ర తాడు కనిపిస్తే, ఆ తాడును లాగి బెల్టు ఎంత దూరంలో ఆగిందో పిల్లలు టేపుతో కొలుస్తుంటే, ఘర్షణ పాఠం అక్కడ పూర్తయినట్టు లెక్క.